లైన్‌మన్ బూట్లు

టెషీలో మా సందు వాళ్ళకి
కరెంటు ఎప్పుడొస్తుందో చెప్పేది
పేపర్లో అచ్చయిన పట్టిక కాదు,
నా బూట్లు.

నేను కంపెనీ లైన్‌మన్ని. పేరు సోవా.
గుమ్మం పక్కన బూట్లుంటే ఈ రాత్రికింతే అని
చాపలు తెచ్చి వాకిట్లో పరుచుకుంటారు.
లేకపోతే ఫోన్లన్నీ ప్లగ్గులకి తగిలించి
స్విచ్చి మీద వేలుంచి కూర్చుంటారు.
ఒక్క బూటే ఉంటే ఏమిటర్థమని
ఓసారి పెద్ద వాదన జరిగింది.
రెండోది కుక్క ఎత్తుకుపోయింది.

నాకేం తెలుసు?
నిచ్చెన తెలుసు, రబ్బరు తొడుగులు తెలుసు,
హర్మటాన్ ధూళి నెలల తరబడి పింగాణీ గిన్నెల మీద పేరుకుని
మొదటి జల్లుకే లైను ఎలా చిటపటలాడి చస్తుందో తెలుసు.
ఏ గదిలో ఎవరు మీట నొక్కితే
మా అక్రాలో ఏ సందు ఆరుతుందో
నాకూ తెలీదు.
ఊరందరికీ శకునం చెప్పే బల్లిని,
కుడితి తొట్టి ఎటుందో నాకే కనపడదు.

దమ్‌సో అంటారిక్కడ.
ఆర్పడం, వెలిగించడం కలిపి ఒక్క మాట,
మధ్యలో ఊపిరి తీసే చోటు లేకుండా.
ఉత్త చీకటికి విడిగా పేరు పెట్టలేదెవరూ.
పెడితే ఇక్కడే కాపురం పెట్టేస్తుందని కాబోలు.

ఆజెలే చేపల కొట్లో రెండు ఫ్రీజర్లు.
ఆవిడ నన్నడగదు, బూట్లనీ అడగదు.
మూత తియ్యకుండా పైన అరచెయ్యి ఆనించి
పిల్లాడి జ్వరం చూసినట్టు చూస్తుంది.
"ఇంకా తొమ్మిది గంటలు" అంటుంది.
"మూత తీశావా, ఆరే."
లెక్క తప్పిన రాత్రి ఎవర్నీ తిట్టదు, పొయ్యి రాజేస్తుంది.
తెల్లారేసరికి నలభై కిలోల చేప పొగలో నల్లబడి ఉంటుంది,
సందులో అందరి చొక్కాలదీ ఒకటే వాసన.
బస్సులో ముక్కు మూసుకున్నవాణ్ణి చూసి
వీడు మనవాడు కాదులే అనుకుంటాం.

దర్జీ కోర్లే కుట్టిన పెళ్ళిగౌనులో
నడుం దాకా మిషను కుట్టు, అక్కణ్ణించి చేతికుట్టు.
దాచబోతే పెళ్ళికూతురే వద్దంది.
ఇప్పుడు కొడుక్కి చూపిస్తుంది, వేలు పెట్టి,
ఇదిగో, ఇక్కడ పోయింది కరెంటు.

ముసలి బోర్టేకి ఊపిరందని రాత్రి
అద్దెకి తెచ్చిన ఆక్సిజన్ మిషను మంచం పక్కన మూగగా ఉంది.
జెనరేటర్ ఉన్న ఇంట్లో పెట్రోలు లేదు.
మనవరాలు డెడే మా గుమ్మంలోకొచ్చింది.
నా మొహం చూడలేదు, బూట్లు చూసింది.

డ్యూటీ లేదు. ఫోనూ రాలేదు.
లేచి తొడుక్కున్నాను.
లేసులు కూడా కట్టాను, నిదానంగా, అందరికీ కనపడేలా.
టార్చి వేసుకుని నడుస్తుంటే
సోవా వెళ్తున్నాడు, సోవా వెళ్తున్నాడని
గుమ్మం నించి గుమ్మానికి పాకింది మాట.
ఎవరో అప్పుడే వైర్ల చిక్కు విప్పడం మొదలెట్టారు.

ఎక్కడికని వెళ్ళను?
సముద్రం దాకా వెళ్ళి నించున్నాను.
అల వచ్చి బూట్లు నింపింది.
గంటకి వెనక నించి పిల్లల కేక,
గొంతు చించుకుని, సంబరంగా.
మాది కాదు. పక్క సందు.
వాళ్ళ ట్రాన్స్‌ఫార్మర్ వేరు.

తిరిగొచ్చేసరికి
పక్క సందు కిటికీలోంచి గోడ దాటి
కోర్లే గుడ్డలారేసే తాడు మీదుగా, ఆజెలే రేకుల మీదుగా
మూడు ముక్కలు ముడేసిన వైరొకటి
బోర్టే ఇంట్లోకి వెళ్ళింది.
మిషను గుర్రుమంటోంది.
నిబంధనల ప్రకారం నేను తెంచాల్సిన వైరు.
తలొంచి దాని కింద నించి దాటాను.

కొట్టు అరుగు మీద ఆజెలే
నా కాళ్ళ చప్పుడు విని తలెత్తింది.
"తడిసిపోయాయి, విప్పి ఆరబెట్టు.
లోపల పెట్టుకో,
గుమ్మంలో వద్దు."